మౌనంగా యజ్ఞాన్ని కాచే బ్రహ్మ

చిన్న సంస్థలో అధిపతికి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా ఉండి, సమావేశాలు కుదిర్చి, లేఖలు సిద్ధంచేసి, మరచినవి జ్ఞాపకం చేసే ఉద్యోగాన్ని లోకం అల్పంగా చూస్తుంది. ఆ చూపు శాస్త్రసమ్మతం కాదు.

సోమయాగంలో హోత ఋక్కులు పఠిస్తాడు. అధ్వర్యువు ఆహుతులు సమర్పిస్తాడు. ఉద్గాత సామగానం చేస్తాడు. బ్రహ్మ అనే ఋత్విజుడు మాత్రం దక్షిణదిశలో మౌనంగా ఆసీనుడై, లోపాలను కనిపెట్టి ప్రాయశ్చిత్తం చేస్తాడు. అకాలంలో ఆయన మౌనం వీడితే యజ్ఞం ఒంటికాలి మనిషివలె కుంటుపడుతుందని ఛాందోగ్యోపనిషత్తు చెబుతున్నది. ఎవరికీ కనబడని కర్మకు ఇంతకన్న గౌరవం ఏముంటుంది?

అయితే ఈ మౌనం దాస్యం కాదు. సుగ్రీవుడు భోగమగ్నుడై రామకార్యాన్ని మరచినప్పుడు, ఇచ్చిన మాటను గుర్తుచేసినవాడు సచివుడైన హనుమంతుడే. యజమాని ధర్మం తప్పుతుంటే వినయంతో హెచ్చరించడమూ సేవయే.

కీర్తి ఎవరిదైనా, ఈశ్వరార్పణబుద్ధితో చేసిన కర్మలోని తృప్తి చేసినవారిదే.