పాళ్ళు తప్పిన మాస్టారు

ముప్ఫై యేళ్ళపాటు గురజాల చుట్టుపక్కల బళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. పాళ్ళ లెక్కలంటే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అటువంటివాణ్ణి ఒక మోటారుసైకిలు దగ్గర పాళ్ళు తప్పాను. తప్పితే తప్పాను, ఆ తప్పు తీసుకువెళ్ళి మరొకడి నెత్తిన రుద్దాను. ఆ కథ మీతో చెప్పుకుంటేగాని మనసు తేలికపడేటట్టు లేదు.

మా యింట్లో ఒక రాజదూత్ వుంది. మా నాన్నగారి నాటిది. పోలెండు వారి నమూనా ననుసరించి 1960లలో ఎస్కార్ట్స్ వారు మన దేశంలో తయారుచేయ నారంభించిన టూస్ట్రోకు బండి. చేలగట్లమీదా, రేగడిబురదలోనూ, రాళ్ళబాటల్లోనూ తిరిగి తిరిగి రాటుదేలింది. మా ఆవిడ దాన్ని నా రెండో సంసారం అంటుంది.

యీ బండి నెలరోజుల్లో మూడు ప్లగ్గులు మింగింది. తన్నితే రెండుసార్లు దగ్గి వూరుకునేది. ప్లగ్గు విప్పి చూస్తే బొగ్గులా నల్లగా, నూనెతో తడితడిగా వుండేది. కొత్తది వేస్తే రెండురోజులు పరుగు, మూడోనాడు మామూలే. వాటిని అమ్మినవాడు మా వీధిచివర మెకానిక్కు కుర్రాడు. ఒకప్పుడు నా దగ్గరే చదివి, లెక్కల్లో వరసగా తప్పినవాడు. "వీడు నకిలీ సరుకు అంటగడుతున్నాడు" అని నలుగురిలో అనేశాను. వాడు తలవంచుకుని, "బండి ఒకపూట వదిలిపెట్టండి మాస్టారూ, చూస్తాను" అన్నాడు. నేను వదల్లేదు.

ఆ వారమే మా అమ్మాయికి నరసరావుపేటలో వుద్యోగానికి యింటర్వ్యూ వచ్చింది. పదిగంటలకు. "బస్సెందుకమ్మా, నేను లేనూ!" అన్నాను. వెనక పిల్ల కూర్చున్నది గదా అని ఎడ్లబండి నడకన పోనిచ్చాను. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలు దాటామో లేదో, బండి టపటపమని ఆగిపోయింది. జేబులో వున్న ఒక్క కొత్త ప్లగ్గూ వేశాను. పదినిమిషాలకు అదీ నల్లబడింది. ఆటో దొరికి అమ్మాయి చేరేసరికి పదకొండు దాటింది, యిక వీల్లేదన్నారు. తిరిగివచ్చాక అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు బండి నెట్టుకుంటూ ఆ కుర్రాడి దగ్గరకే వెళ్ళాను. వాడు ప్లగ్గును వెలుతురుకు పట్టి చూశాడు.

"దీన్ని తిట్టి లాభం లేదు మాస్టారూ, యిది వట్టి సాక్షి. పొడిమసి వుంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. తడినూనె వుంటే ఆయిలు ఎక్కువ, లేదా నిప్పురవ్వ చాలడంలేదు. తెల్లగా మాడితే వేడి ఎక్కువ. కాఫీపొడి రంగు వుంటే ఆరోగ్యం" అన్నాడు.

తరువాత వాడు పరీక్షచేసిన వరస పాతబండి వున్నవారందరూ గుర్తుంచుకోదగ్గది. ఖర్చులేనివి ముందు, ఖర్చయ్యేవి వెనక.

మొదటిది ఆయిలు. "లీటరు పెట్రోలుకు ఎంత పోస్తున్నారు?" అన్నాడు. "కొలతెందుకురా, యింజనుకు మంచిదని కాస్త ధారాళంగానే పోస్తాను" అన్నాను. నాచేతనే పోయించి కొలిచాడు. ఎనభై మిల్లీలీటర్లు! "యిరవైఅయిదుకు ఒకపాలు చాలు, అంటే లీటరుకు నలభై. మీరు పన్నెండున్నరకే ఒకపాలు పోస్తున్నారు" అని నోటిలెక్క చెప్పాడు. లెక్కల్లో తప్పినవాడు!

రెండోది ఎయిర్ ఫిల్టరు. మా పల్నాటి దుమ్ము సంగతి మీకు తెలుసుగదా. సున్నపుపొడీ, రాతిపొడీ, మట్టీ కలిసి దాన్ని పిడకలా చేశాయి. పొయ్యికి గాలాడకపోతే పొగ కమ్మదూ? యిక్కడా అంతే.

మూడోది చోకూ, పెట్రోలు ట్యాపూ. పొద్దున వేసిన చోకు తీయడం మరిచినా, రాత్రి ట్యాపు కట్టకపోవడంవల్ల కార్బొరేటరు పొంగి పెట్రోలు యింజనులోకి దిగినా ప్లగ్గు తడుస్తుంది.

నాలుగోది నా ఎడ్లబండి నడక. ప్లగ్గుకొన సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడెక్కితే తనమీది మసిని తానే కాల్చుకుంటుందిట. అంత నెమ్మదిగా పోతే ఆ వేడి ఎక్కడిది?

ఐదోది నిప్పురవ్వ. విప్పిన ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, దాని రంధ్రానికి దూరంగా, పెట్రోలు తడిలేనిచోట యింజను లోహానికి ఆనించి తన్నితే నీలిరవ్వ చిటుక్కుమనాలి. పసుపుగా నీరసంగా వుంటే పాయింట్లూ, కండెన్సరూ, తీగా చూడాలి. యివన్నీ బాగుండి, తెల్లపొగ వస్తూ గేరుపెట్టెలో ఆయిలు తరుగుతూవుంటే క్రాంకు సీలును అనుమానించాలి. అది యింజను విప్పే పని. అదృష్టవశాత్తు మాకు ఆ అవసరం రాలేదు.

"యింకాస్త వేడిరకం ప్లగ్గు వేస్తే సరిపోదుట్రా?" అన్నాను.

"మసి పోతుంది మాస్టారూ, దాంతోపాటు పిస్టనూ పోవచ్చు. అసలు తప్పుమాత్రం అక్కడే వుంటుంది" అన్నాడు.

నకిలీవని రుజువు చేద్దామని దాచిపెట్టిన మూడు ప్లగ్గులూ నా జేబులోనే వున్నాయి. అడిగి తీసుకుని, పెట్రోలుతో కడిగి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, సందు 0.6 మిల్లీమీటర్లకు సరిచేసి ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. మూడింటితోనూ బండి పలికింది. అంగడిముందు ఆనాటి నలుగురూ కూర్చునే వున్నారు. వాళ్ళు వినేటట్టుగానే, "తప్పు నాదిరా" అన్నాను.

అమ్మాయికి వచ్చేనెలలో మరో యింటర్వ్యూ వుందిట. బస్సులోనే వెళతానన్నది. నేనేమీ అనలేదు. ఆయిలు కొలిచే గ్లాసు ఒకటి కొని బండి పెట్టెలో పెట్టుకున్నాను.