తాడుకి రిటైర్మెంట్ ఎప్పుడు?

మన దగ్గర మనిషికి రిటైర్మెంట్ తేదీ ఉంటుంది. ఎంత గట్టిగా ఉన్నా సరే, ఆ రోజు రాగానే దండేసి, శాలువా కప్పి ఇంటికి పంపించేస్తారు. తాడుకి మాత్రం అలాంటిదేం లేదు. బావి దగ్గర చేంతాడుగా మొదలై, కొన్నాళ్లకి దూడని కట్టే పలుపై, తర్వాత బట్టలారేసే దండెమై, చివరికి పాతపేపర్ల కట్ట చుట్టూ తేలుతుంది. ఇంట్లో ఈ పొదుపు ముచ్చటగానే ఉంటుంది. మనిషి వేలాడే తాడు దగ్గర కూడా ఇదే పొదుపు చూపిస్తేనే ప్రాణం మీదకొస్తుంది.

విశాఖపట్నం తాళ్ల మీద బతికే ఊరు. పోర్టులో ఓడల్ని కట్టే మోకులు, క్రేన్ల వైర్ రోపులు, ఫిషింగ్ హార్బర్లో నైలాన్ తాళ్లు, స్టీల్ ప్లాంటులో కరిగిన ఉక్కుని మోసే క్రేన్ల రోపులు. వీటికి తోడు ఇప్పుడు మధురవాడ, రుషికొండ వైపు పెద్ద పెద్ద బిల్డింగులు. మనం లోపల ఏసీలో కూచుని బిల్డ్ ఎప్పుడు పూర్తవుతుందా అని చూస్తుంటాం. అవతల అద్దం తుడుస్తూ ఒక మనిషి వేలాడుతుంటాడు. అతని తాడు వయసెంతో మనలో ఎంతమందికి తెలుసు? పోనీ, అడగాలనైనా తోచిందా?

ఈ విషయంలో రేవులవాళ్లు మనకంటే చాలా ముందున్నారు. ఓడల్లో సరుకు ఎత్తి దించేవాళ్ల భద్రత కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1932లో ఒక ఒప్పందం చేసింది. వైర్ రోపుని మూణ్ణెల్లకోసారైనా పరీక్షించాలి. అందులో ఒక్క తీగ తెగినా, అప్పట్నుంచి నెలకోసారి చూడాలి. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవు తీసుకుంటే, అందులో తెగినట్టు కనిపించే తీగలు మొత్తం తీగల్లో నూటికి పది దాటాయా, ఆ తాడు వాడకూడదు. విశాఖ పోర్టు మొదలైంది 1933లో. అంటే ఈ రూలు మన పోర్టు కన్నా ఏడాది పెద్దదన్నమాట. "ఆఁ, ఇంకా బానే ఉందిలే" అనే మాటకి ఇందులో చోటు లేకపోవడమే నాకు నచ్చింది. లెక్కపెట్టు, దాటితే తీసెయ్. అంతే.

చిక్కంతా నైలాన్ లాంటి తాళ్లతోనే. వాటిలో లెక్కపెట్టడానికి తీగలుండవు. కొండలెక్కేవాళ్ల తాడుకి పైన తొడుగు, లోపల బరువు మోసే పోగులు ఉంటాయి. ఎండ, ఇసుక, ఉప్పు కొంచెం కొంచెంగా తినేస్తాయి (ఈ మూడింటికీ వైజాగ్‌లో లోటేముంది?). బ్యాటరీ యాసిడ్ ఎక్కడో తగిలినా పైకి ఏమీ కనపడకుండానే లోపల చచ్చిపోవచ్చు. కొత్త తాడుకి ఒక ప్రమాణం ఉంది: 80 కిలోల బరువు కట్టి గట్టిగా పడేస్తే కనీసం 5 సార్లు తెగకుండా ఆపాలి. పాత తాడుకి ఆ పరీక్ష పెడితే తాడే పాడవుతుంది. ఇంకా పనికొస్తుందో లేదో కచ్చితంగా తెలియాలంటే తెంపి చూడాలి, తెంపాక వాడలేం! అందుకే దాని చరిత్రని బట్టి తీర్పు చెప్పాలి. ఎప్పుడు కొన్నారు, ఎక్కడ వాడారు, ఎన్నిసార్లు గట్టి కుదుపు తగిలింది. అసలు వాడకుండా దాచినా పదేళ్లకి పారెయ్యమంటారు చాలామంది తయారీదార్లు. లాగ్ లేకుండా డీబగ్ చెయ్యమంటే మనం ఒప్పుకుంటామా?

చూసి చెప్పేస్తాం అనేవాళ్లు లిస్బన్ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2025 సెప్టెంబర్ 3న అక్కడి గ్లోరియా ఫ్యూనిక్యులర్ కేబుల్ తెగి 16 మంది పోయారు. ఆ కేబుల్ ఆయుష్షు 600 రోజులనుకుంటే, తెగింది 337 రోజులకే. ఆ ఉదయమే చూశారు, ఏ లోపమూ కనపడలేదు. తెగిన చోటు విప్పితే తప్ప కంటికి కనిపించేది కాదు. పైగా అది మనుషుల్ని మోసే పనికి ఆమోదం ఉన్న కేబులే కాదని తర్వాత తేలింది. అంటే ఆయుష్షు లెక్క కూడా తగిన తాడు వాడితేనే పనికొస్తుంది.

తెలిసీ వాయిదా వెయ్యడం ఇంకో రకం. అమెరికన్ క్లైంబర్ టాడ్ స్కిన్నర్ ఆ విద్యలో ఆరితేరినవాడు. నడుముకి కట్టుకునే హార్నెస్ అరిగిందని తెలుసు, కొత్తది ఆర్డరిచ్చాడు కూడా. అది చేతికొచ్చేలోపు 2006 అక్టోబర్‌లో యోసెమిటీలో దిగుతుండగా ఆ పాతదాని లూపు తెగి పోయాడు.

అయినా స్కిన్నర్ హార్నెస్ స్కిన్నర్‌ది. మన తాటిచెట్లెక్కే గీత కార్మికుడి మోకూ అతనిదే, తనే చూసుకుంటాడు, తనే మార్చుకుంటాడు. బిల్డింగు మీద వేలాడేవాడి తాడు కాంట్రాక్టరుది. డబ్బు ఒకడిది, ప్రాణం ఇంకొకడిది. "ఈ తాడు వద్దండీ" అంటే ఆ రోజు కూలి పోతుంది. కాంట్రాక్టరొక్కణ్ణే తిట్టి లాభం లేదు. అందరికంటే తక్కువ కొటేషన్ ఏరుకున్నది మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్, మన ఫెసిలిటీస్ టీము. ఆ తగ్గిన డబ్బులో కొంత తాడు వయసులోంచి వచ్చి ఉండొచ్చు.

కాబట్టి పని ఒప్పుకునే ముందే నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకుందాం. తాడు కొన్న తేదీ, తీసెయ్యాల్సిన తేదీ చూపించాలి. ఒక్కో మనిషికి రెండు తాళ్లుండాలి, రెండూ వేర్వేరు చోట్ల కట్టాలి. తాడు బాలేదని పనివాడు దిగిపోతే ఆ రోజు కూలి ఇవ్వాలి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: తీసేసిన తాడుని మన కళ్లముందే ముక్కలుగా కోసెయ్యాలి. మూల పడేస్తే కుదరదు. చుట్టచుట్టి మూల పెట్టిన తాడు పని తొందరలో మళ్లీ ఎవడో ఒకడి నడుముకెక్కుతుంది.

పాత సర్వర్ ఆపడానికి మనం ఆరు మీటింగులు పెడతాం. ఈ నాలుగు ప్రశ్నలకి ఒక్క మీటింగు చాలు.