పగిలిన సీసాకు వెనక దీపం

లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ పేటలో, రైలు దారి పక్కనున్న మూడు మూలల స్థలంలో 17 కట్టడాలున్నాయి. అన్నిటికన్నా పొడవైన గోపురం దాదాపు 99 అడుగులు. ఇటలీ నుంచి వలస వచ్చిన సైమన్ రోడియా అనే కూలీ 1921లో మొదలుపెట్టి 1954 దాకా వీటిని ఒంటిచేత్తో కట్టాడు. రైలు పట్టాల కింద దూర్చి ఇనుప కడ్డీలను వంచేవాడు, తీగల వల చుట్టేవాడు, సిమెంటు మెత్తేవాడు. ఆ తడి ఆరకముందే గాజు పెంకులు, పింగాణీ ముక్కలు, గవ్వలు అద్దేవాడు. పరంజా లేదు, నడుముకు పటకా కట్టుకుని ఎక్కడమే. తెలుగు ఊళ్లలో ప్రహరీ గోడమీద దొంగలు ఎక్కకుండా సీసా పెంకులు గుచ్చుతారే, పనితనం అచ్చంగా అదే, ఉద్దేశమే తిరగబడింది.

ఆ పెంకుల్లో పచ్చనివి ఎక్కువగా సెవెన్ అప్ సీసాలవి, ముదురు నీలివి మిల్క్ ఆఫ్ మెగ్నీషియా మందు సీసాలవి. అనుమతి లేని కట్టడాలు, కూలితే ప్రమాదం అంటూ నగర అధికారులు పడగొట్టమన్నారు. 1959 అక్టోబరులో 10,000 పౌండ్ల బలంతో లాగి పరీక్షించారు. లాగే సరంజామాయే చేతులెత్తేసింది, గోపురం చెక్కుచెదరలేదు. వాడి పారేసిన గాజుతో బహిరంగంగా నిలిచిన కళకు ఇంతకు మించిన యోగ్యతాపత్రం ఏ కమిటీ ఇవ్వగలదు?

అయితే కేవలం వెలుగు లెక్కన చూస్తే సిమెంటులో పొదిగిన గాజుకు ఒక పరిమితి ఉంది. గాజు మీద ఎదురుగా పడిన కాంతిలో పైతలం నుంచి తిరిగొచ్చేది నూటికి నాలుగు పాళ్లే. తక్కినది లోపలికి పోయి వెనకున్న బూడిదరంగు సిమెంటును తాకి, మళ్లీ అదే గాజు గుండా బయటికి రావాలి. అందుకే పలచని పచ్చ ముక్క మెరుస్తుంది, మందమైన నీలి ముక్క నల్లబడుతుంది. గాజు రంగును పూర్తిగా చూడాలంటే వెలుగు దాని వెనక ఉండాలి.

థాయ్‌లాండ్‌లోని సిసాకేత్ రాష్ట్రంలో ఈ సూత్రమే ఒక గుడి అయింది. వాట్ పా మహా చేది కేవ్‌లో బౌద్ధ భిక్షువులు 1984 నుంచి ఖాళీ సీసాలు పోగుచేసి, పది లక్షలకు పైగా సీసాలతో గోడలు లేపారు. పచ్చవి హైనెకెన్, గోధుమరంగువి స్థానిక చాంగ్ బీరు సీసాలు. మద్యం ముట్టని భిక్షువుల గుడికి బీరు సీసాలే ఇటుకలు! సీసాలను పడుకోబెట్టి పేర్చితే అడుగుభాగం గోడ ముఖానికి వస్తుంది. పగటి వెలుగు ఒక చివర దూరి మరో చివర గుండ్రటి రంగు చుక్కై దిగుతుంది. సీసాల రంగుల వెనక రంగువేసేవాడు లేడు: గోధుమరంగు ఇనుము, గంధకం, బొగ్గు కలయిక, నీలం కోబాల్టు చలవ. సీసా తయారైన రోజే బొమ్మ సగం పూర్తయినట్టు.

పెంకులను కరిగించి పలకలు పోయడం మరో దారి. ఇసుక నుంచి కొత్త గాజు చెయ్యాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి. సీసా ముక్కలు 800 డిగ్రీల దగ్గరే అతుక్కుంటాయి. చిక్కల్లా చల్లార్చడంలోనే. రెండు కంపెనీల సీసాలు వేడికి ఒకే కొలతలో సాగవు, చల్లారేటప్పుడు ఒకే కొలతలో ముడుచుకోవు. అతికినట్టే కనిపించి, కొలిమి నుంచి దించిన కొన్నాళ్లకు టప్పుమని చిట్లుతాయి. అనుభవమున్నవాళ్లు ఒక పలకకు ఒకే రకం సీసాలు వాడతారు, 550 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచి నెమ్మదిగా దించుతారు.

రాత్రిపూట ఇలాంటి పలకకు ఎదురుగా ఫ్లడ్‌లైటు పెట్టడం నగరపాలక సంస్థలకు సులువుగా తోచే ఉపాయం, అన్నిటికన్నా చెడ్డదీ అదే. గాజు కనపడదు, దాని మీద బల్బు కనపడుతుంది. పలక అంచున చిన్న ఎల్‌ఈడీ పట్టీ అమరిస్తే చాలు. అంచునుంచి దూరిన కాంతి లోపలి గోడలకు ఏటవాలుగా తగిలి బయటపడలేక ముందుకే సాగుతుంది. గీత, బుడగ, పగులు ఎదురైన చోట మాత్రమే బయటికి చిమ్ముతుంది. అంటే పాత గాజులోని లోపాలే వెలుగుతాయి. మచ్చలేని కొత్త గాజుకు ఆ పని చేతకాదు.

ఇక మిగిలేది మరమ్మతు. గాజు వానకు చివకదు, ఎండకు వెలవదు. పట్టి ఉంచే సిమెంటు మాత్రం పగటి వేడికి సాగి రాత్రికి ముడుచుకుని బీటలు వారుతుంది; బీటల్లో నీరు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది; తుప్పు ఉబ్బి పెంకులను బయటికి నెడుతుంది. వాట్స్ గోపురాల సంరక్షకులకు ఇది ఏటేటా తప్పని పని. రాలిన ముక్కకు జోడీ వెతకడం మరో తలనొప్పి: మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలో వస్తోంది.