విమానం పొట్టలో తీగలు

రేడియోతో నడిచే బొమ్మవిమానం పొట్ట విప్పి చూశారా? అందులో చుక్కానినీ, రెక్కల అంచు పలకలనూ తిప్పే చిన్న యంత్రాలున్నవి. వాటిని సర్వోలంటారు. ఒక్కొక్కదానికి మూడేసి తీగలు: రెండు విద్యుత్తుకు, మూడోది ఆజ్ఞకు. ఆజ్ఞ అంటే సెకండుకు సుమారు 50 సార్లు వచ్చే చిన్న విద్యుత్ స్పందన. అది సెకండులో వెయ్యో వంతు ఉంటే సర్వో ఒక కొసకు తిరుగుతుంది; రెట్టింపు ఉంటే రెండో కొసకు.

రెక్కలోని సర్వో తీగ ఒక్కొక్కప్పుడు పొట్టదాకా చాలదు, మరో తీగ తగిలించాలి. ప్రమాదమంతా ఆ అతుకు దగ్గరే! ఇంజను అదురుకు అది ఊడిందా, ఆ పలక ఇక మన మాట వినదు. అందుకని అతుకును దారంతో కట్టండి. (పళ్ళసందుల దారమైతే మరీ గట్టిది.) తీగను మాత్రం బిర్రుగా లాగకండి. మిగిలిన వదులు, కదిలే కడ్డీలకు చుట్టుకోకుండా పొట్టగోడకు అంటించండి.

ఎగరేసేముందు పలకలన్నీ కదిపి చూడండి. తరవాత విమానాన్ని కాస్త కుదిపి, మళ్ళీ చూడండి.