ఫ్యాన్ మార్చేస్తే బగ్ పోయినట్టేనా?

యాంప్లిఫయర్‌లో కూలింగ్ ఫ్యాన్ ఆగిపోతే మనవాళ్ళు సాధారణంగా మూడు పనులు చేస్తారు. కొత్త ఫ్యాన్ వేసేయడం, మూత తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టడం, మాటిమాటికీ ఆగిపోతోందని థర్మల్ కటాఫ్ స్విచ్చికి తీగముక్క వేసి షార్ట్ చేసేయడం. మొదటిది సగం రిపేరు. రెండోది కంటితుడుపు. మూడోది మాత్రం నా దృష్టిలో నేరమే.

ఎందుకంటారా? మన పందిళ్ళలో, ఫంక్షన్ హాళ్ళలో కనిపించే పాత తరహా క్లాస్-ఏబీ యాంప్లిఫయర్లు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడి కిందే పోతుంది. ఔట్‌పుట్ స్టేజీకి లెక్కల్లో వచ్చే గరిష్ఠ సామర్థ్యమే 78.5 శాతం, అదీ ఫుల్ పవర్‌లో. మామూలు పాటలకి సగం కూడా రాదు. 2ఎస్‌సీ5200 అనే ట్రాన్సిస్టర్ చాలా సెట్లలో ఉంటుంది. దాని డేటాషీట్‌లో 150 వాట్లు అని ఉంటుంది కానీ అది కేస్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. 100 డిగ్రీలకి చేరితే అది తట్టుకునేది 60 వాట్లే, 150కి సున్నా. పైగా వేడెక్కేకొద్దీ అది ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. చివరికి షార్ట్ అవుతుంది. ప్రొటెక్షన్ రిలే సరిగ్గా పని చెయ్యకపోతే ఆ డీసీ అంతా నేరుగా స్పీకర్ కాయిల్‌లోకి పోతుంది. వందల రూపాయల ఫ్యాన్ వేల రూపాయల స్పీకర్‌ని తినేస్తుందన్నమాట.

మరి ఎలా వెతకాలి? మనం కోడ్‌లో చేసేదే, ఒక్కొక్కటిగా విడగొట్టి చూడటం.

ముందు ప్లగ్ పీకాలి. పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలే ఉంటుంది. రెసిస్టర్‌తో దింపి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యొద్దు.

ఫ్యాన్‌ని వేలితో తిప్పి చూడండి. బిగుసుకుందంటే దుమ్మో, ఎండిపోయిన బేరింగో. కుట్టుమిషన్ నూనె చుక్క వేస్తే తిరుగుతుంది గానీ ఎన్నాళ్ళో నిలవదు.

తేలిగ్గా తిరిగితే ఊడదీసి, స్టిక్కర్ మీద రాసిన వోల్టేజి (ఎక్కువగా 12 లేదా 24) ఇచ్చే అడాప్టర్‌తో విడిగా నడపండి. బాగా తిరిగిందా, ఫ్యాన్ నిర్దోషి. అప్పుడు కనెక్టరు, రెగ్యులేటరు, డ్రైవర్ ట్రాన్సిస్టరు చూడాలి.

ఆ తర్వాత సెన్సర్. చాలా వాటిలో హీట్‌సింక్‌కి ఒక థర్మిస్టర్ ఉంటుంది, వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గాలి. అది ఓపెన్ అయితే సర్క్యూట్ ఎప్పుడూ చల్లగానే ఉందనుకుంటుంది, ఫ్యాన్ తిరగదు. షార్ట్ అయితే ఆన్ చెయ్యగానే ఫుల్ స్పీడ్. ఒక్కోసారి సెన్సర్ బాగానే ఉండి హీట్‌సింక్ నుంచి ఊడి గాల్లో వేలాడుతూ ఉంటుంది! అన్నట్టు, చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ తిరగకపోవడం కొన్ని మోడళ్ళలో ఫాల్టే కాదు, డిజైనే అంత.

కొత్తది వెయ్యాల్సి వస్తే కోఠీ గుజరాతీ గల్లీలో సైజు ఒక్కటే చూసి కొనెయ్యకండి. వోల్టేజి, కరెంటు, గాలి వెళ్ళే దిక్కు కూడా కలవాలి. ఎక్కువ కరెంటు లాగే ఫ్యాన్ వేస్తే ఈసారి రెగ్యులేటర్ పోతుంది.

ఇంతా చేశాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఫ్యాన్ పాతబడి పోయిందా, లేక రోజూ ఫుల్ స్పీడ్‌లో తిరిగి తిరిగి పోయిందా? పాట లేకుండా ఊరికే ఆన్ చేసి ఉంచినా ఒక ఛానెల్ కాలిపోతుంటే బయాస్ కరెంటు పెరిగినట్టు. అప్పుడు ఎన్ని ఫ్యాన్లు మార్చినా ఉపయోగం లేదు. సర్వర్ రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చేయడం లాంటిదే అది.

"నవరాత్రుల్లో రాత్రి తొమ్మిదింటికి పందిట్లో సెట్టు ఆగిపోతే నీ రూట్ కాజ్ ఎవడికి కావాలి?" అనొచ్చు. న్యాయమే. మైకుసెట్టు కుర్రాడు ఆ రాత్రికి సెన్సర్‌ని పక్కన పెట్టి ఫ్యాన్‌కి డైరెక్ట్‌గా సరైన వోల్టేజి ఇచ్చేస్తే నేను తప్పు పట్టను. ఫ్యాన్ ఆగకుండా తిరిగితే మోత తప్ప నష్టం లేదు. కానీ థర్మల్ కటాఫ్‌ని షార్ట్ చేయడం వేరు. అది ఎర్రర్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాక్ రాయడం. లోపల తప్పు జరుగుతూనే ఉంటుంది, చెప్పేవాడి నోరు మాత్రం మూసేశాం. మన కోడ్‌లో అయితే మహా అయితే ప్రొడక్షన్ పడుతుంది. ఇక్కడ చుట్టూ గుడ్డ పందిరి, లోపల పిల్లలు.

ఈసారి మీ అపార్ట్‌మెంట్ మండపానికి సెట్టు తెప్పిస్తే, రేటు బేరమాడే ముందు "కటాఫ్ స్విచ్చి ఉందా, తీసేశారా?" అని అడగండి. అడిగేవాళ్ళు ఉంటే తీసేసేవాళ్ళు తగ్గుతారు.