తిరగని హెలికాప్టరుకు బహుమతి లేదు

“ఇది తిరుగుతుందా?” అని అడిగారు న్యాయనిర్ణేత గారు.

“తిరగదు సార్.”

“లైటైనా వెలుగుతుందా?”

“వెలగదు సార్.”

“మరి బొమ్మేగదయ్యా!” అని పక్క బల్ల దగ్గరికి సాగిపోయారు. ఆ బల్ల మీద థర్మోకోల్ ముక్కకి చిన్న మోటారు బిగించి, బ్యాటరీతో గిరగిరా తిప్పుతున్న గాలిమర వుంది. ఆ మోటారూ, ఆ రెక్కా కోఠీ గుజరాతీ గల్లీలో ఏ కొట్లో దొరుకుతాయో అక్కడున్న విద్యార్థులందరికీ తెలుసు. ప్రథమ బహుమతి దానికే వచ్చింది. ఇది ఏ కాలేజీలో, ఏ సంవత్సరంలో జరిగిందన్నది అప్రస్తుతం. ఓడినవాడి ఏడుపుగా ఈ వ్యాసాన్ని తీసిపారేయవద్దని మాత్రం పాఠక మిత్రులకు మనవి. ఏడుపు బొత్తిగా లేదని నేననను సుమా.

మా బల్ల మీద వున్నది చేతక్ హెలికాప్టరు నమూనా. డెబ్భై రెండో వంతు, అంటే 1:72. అసలు చేతక్ ఫ్రెంచి వాళ్ళ అలూయెట్–3. అది మొదటిసారి 1959లో ఎగిరింది. 1965 నుంచి హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు లైసెన్సు మీద బెంగుళూరులో తయారు చేశారు. పైలటుతో కలిపి ఏడుగురు పడతారు. పైన తిరిగే రెక్కల చక్రం వ్యాసం 11.02 మీటర్లు, మా నమూనాలో అది 15 సెంటీమీటర్లు. నిలువెత్తు మనిషి రెండున్నర సెంటీమీటర్లకి కూడా రాడు. మన హకీంపేటలో వైమానిక దళం వారి హెలికాప్టరు శిక్షణ పాఠశాల వుండటం వల్ల నగరానికి ఉత్తరం వైపు పెరిగిన పిల్లలకి చేతక్ చప్పుడు కొత్తకాదు.

నేనూ, హాస్టల్లో వుండే నా మిత్రుడూ కలిసి ఈ పని మొదలుపెట్టాం. వాడిది దివిసీమ, నాది ఉప్పల్. విదేశీ కిట్టు కొనటమే మా శక్తికి మించిన పని. దానికి రంగులు కూడా విదేశీవే కొనాలంటే మెస్సు బిల్లు ఎగ్గొట్టాల్సిందే. అందుకని కిట్టు పట్టుకుని మా నాయిన దగ్గరికి వెళ్ళాం. మా నాయిన నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డులో స్ప్రే పెయింటరు. బీరువాలకీ, మిషన్ల కవర్లకీ రంగు కొట్టటం ఆయన పని. ముప్పయ్యేళ్ళుగా అదే పని.

మొదటి రోజే దెబ్బ తిన్నాం. షెడ్డులో వాడే ఎన్‌సీ థిన్నరుతో రంగు పలచన చేసి తోక మీద కొట్టాం. రెండు నిమిషాల్లో ప్లాస్టిక్కు పాలమీగడలా ముడతలు పడింది. ఆ థిన్నరుకి ఇనుము ఒక లెక్కా కాదు గాని, పాలీస్టైరీను కరిగిపోతుంది. రసాయనశాస్త్రంలో ఏది దేన్ని కరిగిస్తుందో పరీక్షల్లో పేజీలు పేజీలు రాసినవాణ్ణి నేను! సీసా మీద పేరు చదివి కూడా నాకు తట్టలేదు. నాయినకీ తట్టలేదు, ఎందుకంటే ఆయన జన్మలో ప్లాస్టిక్కుకి రంగు కొట్టి ఎరగడు. కాని ఆయన కంగారుపడలేదు. “ఊకో బిడ్డా, ఆరనియ్. గీకి లప్పం పెడుదాం” అన్నాడు. ముడత మీద లప్పం పెట్టి, వాటర్ పేపరు తడిపి రుద్దించాడు. మూడుసార్లు పెట్టించి, మూడుసార్లు రుద్దించాడు. ఆ తర్వాత ఎనామిల్ రంగునీ టర్పెంటైనునీ తీసుకుని, ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద పరీక్షించి మరీ కొట్టాం.

“గింత మందం పెడితే బీరువా అయితది, హెలికాప్టరు గాదు.” ఇది ఆయన మాట. ఎంత శాస్త్రీయమైన మాటో లెక్కవేస్తే గాని తెలియలేదు. కుంచెతో మందంగా పూసిన రంగు మిల్లీమీటరులో పదోవంతు వుందనుకోండి. దాన్ని 72తో హెచ్చవేస్తే అసలు హెలికాప్టరు మీద ఏడు మిల్లీమీటర్ల మందాన రంగు పూసినట్టు! గీతలూ, రివెట్లూ, తలుపు అంచులూ అన్నీ అందులో మునిగిపోతాయి. అందుకే పలచగా, నాలుగు పూతలు. ఒక పూత ఆరేదాకా రెండోది ముట్టుకోకూడదు. సెమిస్టరు పద్ధతిలో పెరిగిన మనకి ఆరేదాకా ఆగటమన్నదే అలవాటు తప్పింది కాబోలు.

చిన్న చిన్న విషయాలు చెప్పుకుపోతే సావనీరు చాలదు. చేతక్ ముందు భాగమంతా అద్దమే. ఆ అద్దాన్ని ఫెవిక్విక్‌తో అతికిస్తే దాని ఆవిరికి మంచు పట్టినట్టు తెల్లబడిపోతుంది. అదే మామూలు తెల్ల ఫెవికాల్ అయితే ఆరాక కనపడకుండా పోతుంది. కిట్టులో మిగిలిన ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగ మీద పట్టి సాగదీస్తే వెంట్రుకంత సన్నటి ఏరియల్ తయారవుతుంది. చాక్లెట్ రేకు కత్తిరిస్తే సీటు బెల్టులు. కిట్టులో వచ్చే గుర్తులు పరాయి దేశాలవి కనుక మన వైమానిక దళం చక్రం మేమే గీసుకున్నాం: బయట కాషాయం, నడుమ తెలుపు, మధ్యలో పచ్చ. మా సంగతి చూసి నవ్వినవాళ్ళలో సగంమంది ఆ వరస తిరగేసి చెప్పారు.

ఇక రెక్కలు. దుకాణాల్లో కనిపించే నమూనాలు నూటికి తొంభై గిరిగీసినట్టు నిటారుగా రెక్కలు చాచుకుని వుంటాయి. అది తప్పు. నేల మీద ఆగివున్న హెలికాప్టరు రెక్కలు తమ బరువుకి తామే తాటాకుల్లా కిందికి వాలి వుంటాయి. తిరగటం మొదలయ్యాక అపకేంద్ర బలం వాటిని చాచి నిలబెడుతుంది. బరువు ఎత్తేటప్పుడు కాస్త పైకి కూడా లేస్తాయి. మేము వేడినీళ్ళలో ముంచి రెక్కల్ని వంచాం. న్యాయనిర్ణేత గారికి ఆ వంపు కనిపించలేదు. కనిపించివుంటే “ఇదెందుకయ్యా వంగింది?” అని అడిగేవారు, మేం చెప్పగలిగేవాళ్ళం. తిరిగే మోటారుని ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

నా అభిప్రాయం మరీ విపరీతంగా తోస్తే మన్నించండి: కదిలేదే విజ్ఞానం, కదలనిది బొమ్మ అనే భేదం మనం అరువు తెచ్చుకున్నది. కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల మక్కుతో అతుకులు పూడ్చి, రంగు వేసి అంబారీ ఏనుగుని నిలబెడితే, దాని వెనక కర్ర గురించీ, జిగురు గురించీ, ఏనుగు నడక గురించీ ఎంత తెలివి వుందో ఎవరు లెక్కవేశారు? మా నాయిన లప్పం, వాళ్ళ మక్కు ఒకే తల్లి బిడ్డలు. ఆ రోజు ప్రదర్శనలో ఆయన మా బల్ల పక్కనే, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. “మరి బొమ్మేగదయ్యా” అన్న మాట మాకంటే ఆయనకే ఎక్కువ తగిలిందని నా అనుమానం. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

అయితే న్యాయనిర్ణేతల్ని తిట్టి చేతులు దులుపుకుంటే నా రాత సగమే నిజమవుతుంది. మేం చేసిన పొరపాటు ఒకటుంది.

నా మిత్రుడికి రాకెట్లు కావాలన్నాడు. సైనిక హెలికాప్టరన్నాక ఆయుధం లేకపోతే ఏం బాగుంటుంది? నాకూ సబబే అనిపించింది. బాల్‌పెన్ను రీఫిల్ గొట్టాలు కోసి, కట్టలు కట్టి, ఇరువైపులా బిగించాం. అంతటితో ఆగక, ఈనాటి ఫ్యాషను ప్రకారం ఒళ్ళంతా మసీ, తుప్పూ, బురదా పులిమాం. ఇంజను వెనక పొగగొట్టం దగ్గర మసి వుంటుంది, నిజమే. చేతక్ ఇంజను కప్పు లేకుండా బయటికే కనపడుతుంది గనక అక్కడ నలుపు వుండి తీరాలి. తక్కిన ఒంటిని మెకానిక్కులు రోజూ తుడుస్తారయ్యా! తుప్పు పట్టిన యంత్రాన్ని ఎవరు ఎగరనిస్తారు? మసి పూస్తే యుద్ధవీరుడు, కడిగితే పిరికివాడు అనే భావం సినిమాల వల్ల వచ్చింది.

ప్రదర్శన చూడటానికి నా మిత్రుడి అమ్మమ్మ వచ్చింది. నాగాయలంక వైపు ఊరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి ఇరవై ఏళ్ళు దాటి వుంటాయి. కళ్ళజోడు సర్దుకుని, వంగి, చాలాసేపు చూసింది.

“ఏం నాయనా, ఆ రోజు మాకు పొట్లాలు ఇసిరింది ఇదేనా?”

ఇలాంటిదే అమ్మమ్మా, అన్నాడు వాడు. ఆనాడు వాళ్ళ ఊరి మీదికి వచ్చింది చేతకో, ఇంకా పెద్దదో ఆవిడకి తెలియదు. ఆవిడ లెక్కలో హెలికాప్టరంటే ఒక్కటే.

“మరి ఈ గొట్టాలేంటి? పొట్లాలు ఇందులోంచా?”

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. “అవి రాకెట్లు అమ్మమ్మా” అన్నాడు మెల్లగా.

“ఆ రోజు ఇయ్యేం లేవే. తలుపు దగ్గర ఒకబ్బాయి కూచున్నాడు. మా వైపే చూత్తా వున్నాడు” అంది. ఇంకేమీ అనలేదు.

సైనిక హెలికాప్టర్లు యుద్ధం చెయ్యలేదని నేను బుకాయించటం లేదు. 1971 డిసెంబరులో మేఘనా నది దాటించి సైన్యాన్ని దింపినవి మి–4లు. 1984లో సియాచిన్ ఎక్కించినవి చీతాలు. శ్రీలంకలో మన సేన వున్న రోజుల్లో మి–25లు కాల్పులు జరిపాయి. వాటి నమూనా చేసేవాడు ఆయుధం పెట్టాలి, పెట్టకపోతే అబద్ధం. చేతక్‌కి కూడా ట్యాంకుల్ని కొట్టే క్షిపణులు బిగించిన కాలం వుంది. కాని మా ఇద్దరిలో ఎవరం ఫలానా దళం, ఫలానా సంవత్సరం అనుకుని ఆ గొట్టాలు పెట్టలేదు. ఊరికే, బాగుంటుందని పెట్టాం. ఏ హెలికాప్టరో, ఏ రోజుదో తేల్చుకోకుండా రంగు డబ్బా తెరిచినవాడు చేసేది నమూనా కాదు. ఆ మేరకు న్యాయనిర్ణేత గారి మాట నిజమే, ఆయన చెప్పిన కారణం మాత్రం వేరు.

తమాషా ఏమిటంటే, ఉప్పల్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుని వెళితే వచ్చే ఆదిభట్లలో టాటా–బోయింగ్ వారి కర్మాగారంలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల శరీరాలు తయారవుతున్నాయి. మొదటిది 2018లో బయటికి వచ్చింది. మన ఊళ్ళో అసలుది తయారవుతుంటే నకలు కిట్టు కోసం మనం సముద్రాల అవతలికి డబ్బు పంపుతాం. అక్కడ పనిచేసే కుర్రవాళ్ళకి రివెట్టు ఎక్కడ వుండాలో, రంగు ఎంత మందం వుండాలో తెలిసి తీరాలి. మన కాలేజీ వర్క్‌షాపులో ఫైలింగు, ఫిట్టింగు, కార్పెంటరీ వున్నాయి. రంగు వేయటానికి మాత్రం చోటు లేదు. ఒక బల్ల, ఆవిరి బయటికి లాగే ఒక ఫ్యాను, వారానికొక మధ్యాహ్నం నాచారం నుంచి ఒక పెయింటరు. యూనియన్ నిధుల్లో ఈ సావనీరు అట్ట ఖర్చంత కూడా కాదు. ఆ పెయింటరుని “సార్” అని పిలవాలన్న షరతు ఒకటి నా తరఫున చేరుస్తాను.

గొట్టాలు పీకేశాం. బిగించిన చోట మిగిలిన రంధ్రాలకి నాయిన లప్పం పెట్టాడు. ఎడమవైపు తలుపు కోసి, తెరిచి పెట్టి, అక్కడ రెండు సెంటీమీటర్ల మనిషిని కూర్చోబెట్టాం. వాడి చేతిలో పొట్లం పెట్టాలంటే, లెక్క ప్రకారం ఆవగింజంత వచ్చింది. నిజంగానే ఆవగింజకి రంగు వేసి అతికించాం. పాత ఆకుపచ్చ మళ్ళీ కలపటం నాయినకి కూడా సరిగ్గా కుదరలేదు. లప్పం పెట్టిన చోట్ల రెండు మచ్చలు వెలుతురులో ఇంకా తెలుస్తున్నాయి. మళ్ళీ కొడతానంటున్నాడు ఆయన. వద్దంటున్నాడు నా మిత్రుడు.