రోబో చూపు

2006లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బిల్గే ముట్లు బృందం చేసిన ఒక ప్రయోగాన్ని గురించి ఈ మధ్య చదివాను. హోండా వారి ఆసిమో అనే రోబో చేత ఇద్దరేసి శ్రోతలకు ఒక జపాను కథ చెప్పించారు. (ఆసిమో 2022లో సెలవు తీసుకున్నది, నావలె విశ్రాంతజీవి.) చూపులో మాత్రం కావాలనే పక్షపాతం పెట్టారు. ఒకరివైపు ఎక్కువసార్లు, రెండవవారివైపు తక్కువసార్లు. చివరకు ప్రశ్నలు అడిగితే, అది ఎవరివైపు ఎక్కువగా చూచిందో వారికే కథ బాగా జ్ఞాపకమున్నది. కథ ఒక్కటే, గొంతు ఒక్కటే. పైగా ఆసిమోకు కదిలే కనుపాపలు లేవు. తల తిప్పడమే దాని చూపు!

ముప్పై యేళ్ళు పద్యం చెప్పినవాణ్ణి. నా చూపు ఎప్పుడూ ముందు బల్లలమీదనే, తల ఊపే పిల్లలమీదనే ఉండేది. వెనుక బల్లవానికి ప్రతిపదార్థం రాకపోతే 'శ్రద్ధ లేదు' అని తేల్చేవాణ్ణి. అందులో నా చూపు వంతు ఎంతో ఆనాడు తట్టలేదు.

2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు నావో అనే చిన్న రోబోలకు చూపు తప్పించడం కూడా నేర్పారు. జవాబు చెప్పే ముందు క్షణకాలం అటు చూస్తే, ఎదుటివారికి అది ఆలోచిస్తున్నట్లు తోచింది. మా తరగతిలో ప్రశ్న అడగగానే పిల్లవాడు పైకి చూస్తే 'దూలాలమీద వ్రాసి ఉన్నదా?' అని గద్దించేవాళ్ళం. నిజంగా ఆలోచించినవానికి చీవాట్లు, నటించినదానికి మెప్పు!

రోబోలు పాఠం చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. దాని చూపును అందరికీ సమంగా పంచవచ్చు, నేను పంచలేకపోయాను. నా భయం వృద్ధులను గురించి. మన భాషలో 'చూడడం' అంటే ఆదుకోవడం కూడా. 'చివరి రోజుల్లో మమ్మల్నెవరు చూస్తారు?' అని అడిగే తల్లి కన్నులను గురించి అడగడం లేదు. ఆమె మాట్లాడినప్పుడల్లా తల తిప్పే బొమ్మను పక్కన నిలిపి, అమ్మకు తోడున్నదని దూరాననున్న బిడ్డలు నిశ్చింతగా ఉండవచ్చు. ఆమెకూ అది హాయిగానే ఉండవచ్చు. నాకు బాధ కలిగించేది అదే. ఆ తల తిప్పడానికి మనసు కరగక మానదు. కాని రాత్రి జ్వరం వస్తే లేచి మంచినీళ్ళిచ్చే చెయ్యి ఆ ఇంట్లో ఉండదు. అటువంటి రోబోను అమ్మేవారు దాని కన్నులను గురించి చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి.